నేను నడిపితే ఆగలేదు

పోయిన ఎండాకాలం మూడు నెలలపాటు మా ఇంట్లో ఒకటే మాట నడిచింది: "నాన్న నడిపితే బండి ఆగిపోతాంది." వ్యాకరణం ప్రకారం చూస్తే ఆగిపోయేది బండి. కానీ మేమెవరం ఆ వాక్యాన్ని అలా వినలేదు. అమ్మ చెప్పినా, చెల్లె ఫోన్ చేసి అడిగినా, నాలో నేను అనుకున్నా, బరువంతా "నాన్న నడిపితే" అన్న రెండు మాటల మీదే పడేది.

మా ఇల్లు హనుమకొండలో. నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి 2011లో రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుల్లోంచి ఒక చిన్న పెట్రోల్ కారు కొన్నాడు. నాలుగు సిలిండర్లు, ఐదు గేర్లు, అన్నీ చేత్తో వేసేవే. అంతకుముందు ఇరవై ఏళ్లు స్కూటరు, ఆ తర్వాత కొన్నాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక కార్బురేటర్ కారు. అంటే బండి నడపడం ఆయనకు నిన్నా మొన్నా వచ్చిన విద్య కాదు. డెబ్బై దాటినా పొద్దున కూరగాయలకు, సాయంత్రం స్నేహితుల దగ్గరికి, నెలకోసారి అమ్మను తీసుకుని కాజీపేటలో మా పిన్ని వాళ్లింటికి ఆ కారులోనే వెళ్లేవాడు.

జబ్బు లక్షణం ఇదీ. బండి గేర్‌లో పోతుంటే ఏమీ కాదు. ఎత్తు ఎక్కుతుంటే ఏమీ కాదు. హైవే మీద ఎనభైలో పోతున్నా ఏమీ కాదు. సిగ్నల్ దగ్గరో, స్పీడ్‌బ్రేకర్ దగ్గరో, మా గల్లీలోకి తిరిగేటప్పుడో, వేగం తగ్గించగానే ఇంజన్ ఒక్కసారి వణికి ఆగిపోతుంది. తాళం తిప్పితే మళ్లీ వెంటనే స్టార్ట్ అవుతుంది. పోనీ ప్రతిసారీ ఆగుతుందా అంటే అదీ లేదు. పదిహేను, ఇరవైసార్లకు ఒకసారి.

వినడానికి చిన్న సంగతిలాగే ఉంటుంది. కానీ ఇంజన్ ఆగిందంటే దాని మీద ఆధారపడ్డవన్నీ ఆగుతాయి. మా బండిలో పవర్ స్టీరింగ్ పంపు ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ ఆగగానే స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. బ్రేకుకు సాయం చేసే బూస్టర్ కూడా ఇంజన్ లాగే వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. అందులో మిగిలిన వ్యాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది. ఆ తర్వాత కాలి బలమే దిక్కు. డెబ్బై దాటిన మనిషి, అరిగిన మోకాళ్లు, వెనకాల హారన్ కొట్టే బస్సు. ఇవన్నీ కలిస్తే అది చిన్న సంగతి కాదు.

ఏప్రిల్‌లో ఒకరోజు సాయంత్రం ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతుండగా ఆగింది. వెనక లారీ ఉంది. నాన్న ఎలాగో ఎడమకు లాగి ఆపాడు. పక్కన కూర్చున్న అమ్మ ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "బిడ్డా, ఇగ ఆయనను బండి ముట్టనియ్యకు" అంది.

*

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా రోజువారీ పనిలో సగం, ఎవరో "ఆగిపోతోంది" అని చెప్పిన దాన్ని ఎందుకు ఆగిపోతోందో కనిపెట్టడం. అందుకని ఆ శుక్రవారం రాత్రి చాలా ధీమాగానే ఊరికి బయల్దేరాను.

శనివారం పొద్దున్నే తాళం తీసుకుని ఊరంతా తిప్పాను. సుబేదారి, అదాలత్, నక్కలగుట్ట, చౌరస్తా, తిరిగి ఇంటికి. ఒక్కచోట కూడా ఆగలేదు. ఆదివారం ఏసీ వేసి తిప్పాను. ఆగలేదు. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిసే చిన్న స్కానర్ ఒకటి కొని పెట్టుకున్నాను, దాన్ని కూడా తగిలించి చూశాను. ఒక్క ఎర్రర్ కోడ్ లేదు.

మా ఆఫీసుల్లో ఒక మాట ఉంది. టెస్టింగ్ చేసేవాళ్లు తప్పు చూపించినప్పుడు, కోడ్ రాసినవాడు మొదట అనే మాట: "నా మెషీన్‌లో బాగానే ఉంది కదా." అది జోకు. దాని మీద మేం టీషర్టులు కూడా వేసుకుంటాం. ఆ మాట అన్నవాడు పని తప్పించుకుంటున్నాడని మా అందరికీ తెలుసు. ఆదివారం సాయంత్రం నేను తాళం తెచ్చి టీవీ పక్కన పెట్టి, "నేను నడిపితే ఆగలేదు నాన్నా" అన్నాను. రెండూ ఒకే వాక్యమని అప్పుడు నాకు తట్టలేదు.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను క్లచ్ మంచిగనే తొక్కుతాన్న రా" అన్నాడు. నేను క్లచ్ మాట ఎత్తనే లేదు.

అయినా చెయ్యాల్సింది చెయ్యాలి కదా అని ఒక పెద్ద గ్యారేజీకి ఇచ్చాం. వాళ్లు ప్లగ్గులు మార్చారు. పదిరోజులకు మళ్లీ ఆగింది. ఫ్యూయల్ పంపు, ఫిల్టర్ మార్చారు. ఏడు వేల చిల్లర అయింది. మళ్లీ ఆగింది. మూడోసారి వెళ్తే అక్కడి సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, "సార్, టెస్ట్ డ్రైవ్‌లో మాకేం ప్రాబ్లం రావట్లేదు. పెద్దవాళ్లు కదా, హాఫ్ క్లచ్‌లో బ్రేక్ కొడతారు, అట్ల కూడా ఆగుతుంది" అన్నాడు. చెప్పకూడదు కానీ, ఆ మాట విన్నప్పుడు నాకు కొంచెం నిశ్చింతగా అనిపించింది. నేను అనుకుంటున్నదే ఇంకొకరు కూడా అన్నారు.

ఫ్యూయల్ పంపు గురించి నేనైనా ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది. పంపు బలహీనపడితే ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ కావాల్సినప్పుడు ఇబ్బంది వస్తుంది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు. మా బండి ఎత్తులన్నీ హాయిగా ఎక్కుతోంది. పెట్రోల్ అతి తక్కువ కావాల్సిన చోట ఆగుతోంది. మొదటిరోజు అమ్మ చెప్పిన రెండు వాక్యాల్లోనే పంపు నిర్దోషి అని ఉంది. ఏ బగ్‌నైనా ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో రెండూ రాసి పెట్టుకుని మొదలుపెట్టాలని జూనియర్లకు చెప్పేది నేనే. ఇక్కడ మాత్రం రెండో వరస చూడలేదు. ఎందుకంటే నాకు కారణం ముందే దొరికింది. ఆ కారణం డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది.

మే నెలలో ఒకరోజు పొద్దున ఆరింటికి కూరగాయల మార్కెట్‌కు పోతుంటే నేను పక్కన కూర్చున్నాను. ఊరికే వచ్చినట్టు కూర్చున్నాను కానీ పరీక్ష పెట్టడానికే వచ్చాను. ఆ అరగంటలో నేను రోడ్డు చూడలేదు. డ్యాష్‌బోర్డ్ మీద ఆర్‌పీఎం ముల్లు చూడలేదు. నాన్న ఎడమకాలు చూశాను. బండి ఒక్కసారీ ఆగలేదు. ఇంటి ముందు దిగుతూ నాన్న, "చూసినవా?" అన్నాడు. బండి సంగతి అడుగుతున్నాడా, కాలి సంగతి అడుగుతున్నాడా అర్థంకాక తలూపాను.

ఆ వారమే నేను రెండు పనులు చేశాను. తెలిసినవాళ్ల ద్వారా ఒక డ్రైవర్‌తో మాట్లాడాను. నెలకు పన్నెండు వేలు, పిలిచినప్పుడు వస్తాడు. రెండోది, కారు అమ్మకానికి ఒక ప్రకటన రాసి ఫోన్‌లో డ్రాఫ్ట్‌గా పెట్టుకున్నాను. "సింగిల్ ఓనర్, జాగ్రత్తగా వాడిన బండి" అని రాశాను అందులో.

*

జూన్ మొదట్లో మా బాబాయి ఒకరి పేరు చెప్పాడు. కాజీపేట వైపు, రేకుల షెడ్డు, బోర్డు కూడా సరిగ్గా లేదు. అరవై దగ్గర పడుతున్న మేస్త్రి, ఒక కుర్రాడు. అమ్మేసే ముందు చివరి ప్రయత్నం అని తీసుకెళ్లాం. నేను నడిపాను, నాన్న పక్కన కూర్చున్నాడు. షెడ్డు దాకా ఎక్కడా ఆగలేదని వేరే చెప్పక్కర్లేదు.

నేను దిగి మొత్తం కథ చెప్పడం మొదలుపెట్టాను. ప్లగ్గులు, పంపు, స్కానర్, కోడ్ లేకపోవడం. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. విని ఒకటే అడిగాడు: "బండి రోజు ఎవరు నడుపుతరు?"

"నాన్న."

"మరి పెద్దసార్‌ను నడపనియ్యిరి. నేను పక్కన కూసుంట. మీరు ఎన్కకు ఎక్కుండ్రి."

ఆ మూడు నెలల్లో, బండి ఆగుతోందని చెప్తున్న మనిషిని ఎవరూ అడగని మాట అది. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

బయల్దేరే ముందు మేస్త్రి, "ఎప్పుడెప్పుడు ఆగింది పెద్దసార్, ఏమన్న యాదికి ఉన్నదా?" అన్నాడు. నాన్న చెయ్యి చాపి, డ్యాష్‌బోర్డ్ అర తెరిచి, ఒక పాత డైరీ తీశాడు.

సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాళ్లకు లాగ్‌బుక్ రాయడం ఊపిరి తీసుకోవడం లాంటిది. గంటగంటకూ వోల్టేజ్ ఎంత, ఏ ఫీడర్ మీద ఎంత లోడ్, ఏది ఎప్పుడు ట్రిప్పయింది, మళ్లీ ఎప్పుడు ఛార్జ్ చేశారు, అన్నీ రాయాలి. నాన్న ఆ అలవాటు కొద్దీ బండి ఆగిన ప్రతిసారీ రాసి పెట్టాడు. తేదీ, టైము, చోటు. పక్కన ఏసీ ఆన్ లేదా ఆఫ్. ఆ పక్కన ఎంత దూరం నడిచాక ఆగింది. మొత్తం పదకొండు. పదకొండింటికీ ఏసీ గడిలో ఆన్ అనే ఉంది. అన్నీ పదకొండు గంటలు దాటాక, బండి బాగా వేడెక్కాకే. ఏడు చౌరస్తాల దగ్గర, నాలుగు మలుపు తిరుగుతూ. పొద్దున మార్కెట్‌కు పోయేటప్పుడు ఒక్కటీ లేదు. అంటే నేను పరీక్ష పెట్టిన టైములో.

ఎక్కడ సర్వర్ పడిపోయినా నేను మొట్టమొదట అడిగేది లాగ్స్. లాగ్స్ పంపకుండా బగ్ రిపోర్ట్ పెట్టేవాళ్ల మీద విసుక్కుంటాను. ఇక్కడ మూడు నెలల లాగ్ ఆ అరలో ఉంది. ఆ కారును నేను నాలుగుసార్లు నడిపాను.

మధ్యాహ్నం పన్నెండు. ఏసీ వేయించాడు మేస్త్రి. ఫాతిమానగర్ దాటి హనుమకొండ వైపు కొంచెం దూరం పోయాం. ముందు సిగ్నల్ ఎర్రగా కనబడగానే నాన్న చేసింది నేను వెనక నుంచి చూశాను. ఇంకా చాలా దూరం ఉండగానే క్లచ్ తొక్కి, గేర్ తీసి న్యూట్రల్‌లో పెట్టి, బండిని దాని ఊపు మీద వదిలేశాడు. రెండో సిగ్నల్ దగ్గరా అంతే. మూడోసారి, ఎడమకు గల్లీలోకి తిరుగుతుండగా ముల్లు ఎనిమిది వందల దగ్గర నిలబడకుండా ఐదు వందలకు జారింది, వణికింది, సున్నాకు పడింది. ఇంజన్ ఆగింది.

నాన్న మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నవ్వి, "పెద్దసార్ తప్పేం లేదు" అన్నాడు. ఆ మాట నాన్నకు చెప్పాడా నాకు చెప్పాడా అంటే, అద్దంలో నన్నే చూస్తూ చెప్పాడు.

*

ఇక్కడ కొంచెం యంత్రం గురించి చెప్పాలి. ఇంజన్‌కు కష్టమైన పని బరువు లాగడం అని మనం అనుకుంటాం. నిజానికి దానికి ఇబ్బందికరమైన పని ఏ పనీ లేకుండా ఊరికే తిరుగుతూ ఉండటం. ఐడ్లింగ్. ఎనిమిది వందల ఆర్‌పీఎం అంటే సెకనుకు పదమూడు చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు ఇరవై ఆరు చిన్న మంటలు. ఇంజన్ ఇంతకంటే ఎంతో తక్కువ వేగంతో తనంతట తాను తిరగలేదు. ఆ అంచు మీద దాన్ని నిలబెట్టాలి.

యాక్సిలరేటర్ మీద కాలు పెడితే తెరుచుకునేది థ్రాటిల్ బాడీలో ఉండే గుండ్రటి రేకు. బిళ్లంత ఉంటుంది. కాలు తీస్తే ఆ రేకు మూసుకుంటుంది. అప్పుడు ఇంజన్‌కు గాలి రెండు దారుల్లో వస్తుంది: రేకు అంచు చుట్టూ వెంట్రుకవాసి సందులోంచి, పక్కనే ఉన్న ఒక చిన్న దారిలోంచి. ఆ చిన్న దారికి ఒక మోటరు, దాని కొసకు ఒక కోసుగా ఉండే బిరడా. గాలి ఎంత కావాలో చూసుకుంటూ కారులోని కంప్యూటర్ ఆ బిరడాను ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఏసీ కంప్రెసర్ పట్టుకుంటే కొంచెం ఎక్కువ తెరుస్తుంది. స్టీరింగ్ తిప్పితే పంపు బరువు పడుతుంది, ఇంకొంచెం తెరుస్తుంది.

ఇంజన్ లోపలి నుంచి తిరిగి వచ్చే ఆవిరిలో నూనె ఉంటుంది. సంవత్సరాల తరబడి అది ఆ రేకు అంచు మీద, బిరడా మీద నల్లటి పెచ్చులా పేరుకుంటుంది. ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు తిరిగే బండికైతే మరీను. సందు మూసుకుపోతుంది, బిరడా మెల్లగా కదులుతుంది.

ఇప్పుడు నాన్న పద్ధతి, నా పద్ధతి పక్కపక్కన పెట్టి చూడాలి. నేను సిగ్నల్ చూసి గేర్‌లోనే ఉండి బ్రేకు వేస్తాను. నాలుగు, మూడు, రెండు అని దిగుతాను. అంతసేపూ చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. ఆగిపోవడానికి దానికి వీలుండదు. చివర్లో నేను క్లచ్ తొక్కేసరికి అది వెయ్యి దగ్గర ఉంటుంది. ఎనిమిది వందలకు దిగడం అంటే ఒక మెట్టు దిగడం. నాన్న యాభై కిలోమీటర్ల వేగంలోనే న్యూట్రల్ చేస్తాడు. ఇంజన్ రెండు వేల దగ్గర్నుంచి, పట్టుకునేవాడు లేకుండా, ఒకటి రెండు సెకన్లలో కిందికి పడుతుంది. ఆ పడటాన్ని ఎనిమిది వందల దగ్గర పట్టుకోవాల్సింది ఆ బిరడానే. సరిగ్గా అప్పుడే ఏసీ కంప్రెసర్ కూడా పట్టుకుంటే, స్టీరింగ్ కూడా తిరుగుతుంటే, మసిపట్టిన బిరడా సమయానికి తెరుచుకోలేదు. గాలి చాలదు. ఇంజన్ ఆగుతుంది.

అంటే నేను నడిపినప్పుడు ఆ బండికి జబ్బు లేదని కాదు. జబ్బు బయటపడే అవకాశం నేను ఇవ్వలేదు. స్కానర్ కూడా అంతే. సెన్సార్ పాడైతే కోడ్ చూపిస్తుంది. మసి పట్టడం ఏ సెన్సార్‌కూ తప్పులా కనబడలేదు.

న్యూట్రల్ అలవాటు నాన్నకు ఎక్కడిదో నాకు తెలుసు. పెట్రోల్ పొదుపు. ఆయన కార్బురేటర్ బండి మీద నేర్చుకున్నాడు. దాని కాలంలో ఆ లెక్కలో అర్థం ఉంది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు గట్టిపడ్డాక మన దేశంలో కార్లు కార్బురేటర్ నుంచి ఇంజెక్షన్‌కు మారాయి. ఇంజెక్షన్ బండిలో లెక్క తిరగబడింది. గేర్‌లో ఉండి కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తేనే ఇంజన్‌ను బతికించడానికి పెట్రోల్ పోయాల్సి వస్తుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పన్నెండేళ్లు ఇదే బండిని ఇలాగే నడిపితే అది ఆగలేదు. మారింది నాన్న కాదు, బండి.

ముందు మేస్త్రి బ్రేకు బూస్టర్ పైపు దగ్గర చెవి పెట్టి, కుర్రాడితో బ్రేకు తొక్కించి, గాలి లీకు లేదని చూసుకున్నాడు. అది లీకైనా వేగం తగ్గించేటప్పుడు ఇలాగే ఆగవచ్చట. తర్వాత ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావు గొట్టం విప్పి నన్ను పిలిచాడు. రేకు అంచు చుట్టూ నల్లటి వలయం. వేలు పెడితే జిగురుగా అంటుకుంది. మోటరు విప్పితే దాని కొస బొగ్గు ముక్కలా ఉంది. స్ప్రే కొట్టి, బట్టతో తుడిచి, మళ్లీ కొట్టి, అరగంట పట్టింది.

స్టార్ట్ చేస్తే ముల్లు పదిహేను వందల దగ్గర నిలబడింది. నేను కంగారుపడ్డాను. "ఏం కాదు సార్. ఇన్నేండ్లు మసితోని బతుకుడు నేర్చుకున్నది. ఇప్పుడు మళ్ల కొత్తగ నేర్చుకోవాలె" అన్నాడు.

అది ఉత్తి మాట కాదు, సరిగ్గా జరిగేది అదే. మసి పేరుకున్నకొద్దీ కంప్యూటర్ బిరడాను ప్రతి ఏడూ కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ వచ్చింది. ఆ సర్దుబాటు ఎంత బాగా చేసిందంటే బయటికి ఏమీ తెలియలేదు. తెరవడానికి ఇంక చోటు లేనప్పుడే మొదటిసారి బండి ఆగింది. ఇప్పుడు దారి శుభ్రమైనా అది పాత లెక్క ప్రకారం ఎక్కువే తెరుస్తోంది. కాసేపు ఏసీ లేకుండా, కాసేపు ఏసీ వేసి ఊరికే తిప్పాక ముల్లు మెల్లగా ఎనిమిది వందలకు దిగింది. మేస్త్రి ఆరు వందలు తీసుకున్నాడు.

*

ఇంటికి వచ్చాక నాన్న పడుకున్నప్పుడు ఆ డైరీ తీసి చదివాను. అనుమతి అడగలేదు.

మార్చిలో ఐదుసార్లు ఆగింది. ఏప్రిల్‌లో నాలుగు. మే నెలలో రెండే. బండి జబ్బు ముదురుతుంటే లెక్క పెరగాలి, తగ్గుతోంది. చోట్లు చూస్తే అర్థమైంది. మార్చిలో చౌరస్తా, అదాలత్, నక్కలగుట్ట ఉన్నాయి. మే వచ్చేసరికి ఆ పేర్లే లేవు. నాన్న సిగ్నళ్లున్న రోడ్ల మీదికి పోవడం మానేశాడు. ఎండలో బయటికి తీయడం మానేశాడు. సాయంత్రం నక్కలగుట్టలో స్నేహితుల దగ్గరికి పోవడం లేదని అమ్మ ఒకసారి అంటే, మోకాళ్ల నొప్పి అనుకున్నాను. పిన్ని వాళ్లింటికి వెళ్లి నెలన్నర దాటింది. ఆయన కూడా ఆ కంప్యూటర్‌లాగే సర్దుకుంటూ వచ్చాడు. ఎంత బాగా సర్దుకున్నాడంటే, మేం "ఈమధ్య బండి తక్కువే ఆగుతోంది" అని చెప్పుకున్నాం.

రాబర్ట్ పిర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో చదివాను. 1974లో వచ్చిన పుస్తకం. అందులో కథకుడి బండి ఇంజన్ బిగుసుకుపోతే ఒక షాపులో మెకానిక్‌లు పైపైన చూసి, సుత్తితో కొట్టి, ఏవేవో మార్చి ఇంకా పాడు చేస్తారు. అసలు తప్పు ఇంజన్‌కు నూనె అందించే చోట విరిగిన పాతిక సెంట్ల పిన్నులో ఉంటుంది. వాళ్లకు పని రాక కాదు, వాళ్లు అక్కడ ప్రేక్షకుల్లా ఉన్నారు అంటాడతను. ఆ భాగం కింద గీత గీసుకుని, చాలామందికి చెప్పాను కూడా. ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది, అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆ ప్రయాణమంతా కొడుకు తండ్రి వెనకాల కూర్చుని ఉంటాడు. వాడికి తండ్రి వీపు తప్ప ఏమీ కనబడదు. ఆ జూన్ మధ్యాహ్నం వెనక సీట్లోంచి నేను చూసింది కూడా నాన్న వీపే. కానీ పక్కన కూర్చుని కాలు చూసినప్పటి కంటే ఎక్కువ కనబడింది.

పుస్తకాల మీద అప్పుడప్పుడు రాస్తుంటాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పేయాలి. రెండేళ్ల కింద ఒక నవల మీద రాస్తూ, "రెండో సగంలో కథనం ఆగి ఆగి నడుస్తుంది" అని తీర్పు చెప్పాను. నిజానికి ఆ రెండో సగం నేను చదివింది మెట్రోలో, స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య, నెలన్నర పాటు. ఆగి ఆగి నడిచింది ఏమిటో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను. నవల నిజంగానే అక్కడ నెమ్మదించి ఉండవచ్చు కూడా. నేను చెప్తున్నది అది తప్పు తీర్పు అని కాదు. పరీక్ష సరిగ్గా పెట్టలేదని. జబ్బు బండిదా, నడిపేవాడిదా అన్నది తేలాలంటే ఇద్దరినీ ఒకేసారి, వాళ్లు మామూలుగా ఉండే రోడ్డు మీద చూడాలి. ఇద్దరిలో ఒకరిని దింపేసి చూస్తే తేలేది మన అనుమానమే.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది వేరే. మసి దొరక్కపోయి ఉంటే? ఆ రోజు కూడా బండి ఆగకపోయి ఉంటే? జూన్ రెండో వారానికల్లా కారు అమ్ముడుపోయేది. కొన్నవాడు నాలాగే గేర్‌లో ఆపేవాడైతే దానికి ఏ రోగమూ ఉండేది కాదు. మేమందరం "చూశావా, బండి బాగానే ఉంది" అనుకునేవాళ్లం. నాన్న కూడా ఏదో ఒకరోజు అలాగే అనుకునేవాడు. ఏదో ఒకరోజు ఆయన నిజంగానే తాళం పక్కన పెట్టాల్సి వస్తుంది, అది నాకు తెలుసు. కానీ అది ఆయన గురించిన నిజం వల్ల జరగాలి, రేకు మీద మసి వల్ల కాదు.

న్యూట్రల్ గురించి నాన్నకు చెప్పాను. ఇంజెక్షన్ బండిలో గేర్‌లో ఉంచితేనే పెట్రోల్ మిగులుతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. "అట్లనా" అన్నాడు. మర్నాడు పొద్దున నన్ను బస్టాండులో దింపడానికి వస్తూ, సిగ్నల్ ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే న్యూట్రల్ చేశాడు. ముల్లు ఎనిమిది వందలకు దిగి, అక్కడే నిలబడింది. నేనేమీ అనలేదు.

బ్యాగు తీసుకుని దిగుతుంటే ముందుకు వంగి అడిగాడు, "ఆ డ్రైవర్ పిలగానికి వద్దని చెప్పినవా మరి?"

ఆ సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ చెప్పిందో, ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాడో. "చెప్తా నాన్నా" అన్నాను. "చెప్పు. పాపం ఎదురు చూస్తడు" అన్నాడు. సారీ చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేను చెప్పలేదు. వెనకాల ఆటో హారన్ కొట్టింది, నాన్న గేర్ వేసి వెళ్లిపోయాడు.

బస్సులో కూర్చుని ప్రకటన డ్రాఫ్ట్ తీసేశాను. డ్రైవర్‌కు మెసేజ్ పెట్టాను.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు డ్యాష్‌బోర్డ్ అర తెరిచి చూశాను. డైరీ అక్కడే ఉంది. జూన్ తర్వాత కూడా రాస్తూనే ఉన్నాడు. తేదీ, టైము, చోటు. నక్కలగుట్ట. చౌరస్తా. కాజీపేట. సబ్‌స్టేషన్‌లో ఏమీ జరగని గంటకు కూడా లాగ్ రాయాలి కదా. చివరి గడిలో ప్రతి వరసకూ ఒకటే మాట ఉంది: నార్మల్.